బండి మొరాయిస్తే ముందుగా పరీక్షించండి



మన గ్రామ సంఘములలో ఎవరింట కారు ఉన్నా అది ఆ ఇంటివారికి మాత్రమే చెందిన వస్తువుగా ఉండిపోదు. అర్ధరాత్రి నొప్పులు వచ్చిన చెల్లెమ్మను ఆసుపత్రికి చేర్చవలసి వచ్చినా, పొలములో పాము కరచిన సోదరుని తీసుకుపోవలసి వచ్చినా, నడవలేని అవ్వను ఆదివారము ఆరాధనకు తేవలసి వచ్చినా జనము తలుపు తట్టేది ఆ ఇంటికే. 108కు ఫోను చేసి ఎదురుచూస్తూనే, వాకిట్లో ఉన్న బండిని కూడా సిద్ధము చేసుకుంటాము. అటువంటి వేళ తాళము తిప్పితే బండి కదలకపోతే ఏమి చేయాలి? మెకానిక్కు పట్నములో ఉంటాడు. ఆ రాత్రి అతడు వచ్చేదాకా రోగి ఆగలేడు.

మన ఊళ్ళలో ఉన్న కార్లలో పాతవే ఎక్కువ. 1983లో వచ్చిన మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయింది. అంబాసిడర్ తయారీ కూడా అదే సంవత్సరము నిలిచిపోయింది. అయినా ఈ రెండును, అక్కడక్కడ ప్రీమియర్ పద్మినియు, ఇంకను మన మధ్య తిరుగుతున్నాయి. ఇవి సులభమైన యంత్రములు. వీటిలో వచ్చే చిన్న చిన్న లోపములను ఇంటి దగ్గరే కనిపెట్టవచ్చును. ఈ వ్యాసములో కార్బొరేటరు ఉన్న పెట్రోలు బండ్లను గురించి వ్రాస్తున్నాను. 2000 ప్రాంతము నుండి వచ్చిన ఇంజెక్షను బండ్లకు బ్యాటరీ, నీళ్ళు, ఆయిలు, ప్లగ్గుల సంగతి ఇదే గాని, వాటి కంప్యూటరు జోలికి ఇంట్లో వెళ్ళవద్దు.

నెహెమ్యా నేర్పిన పాఠము

యెరూషలేము గోడలు కట్టడానికి వచ్చిన నెహెమ్యా వచ్చిన నాడే తాపీ పట్టలేదు. రాత్రివేళ కొద్దిమందిని వెంటబెట్టుకొని వెళ్ళి, ఎక్కడ గోడ పడిపోయిందో, ఏ గుమ్మము కాలిపోయిందో తన కన్నులతో చూచుకున్నాడు. ఆ తరువాతనే జనులను పనికి పిలిచాడు. కారు విషయములోను ఇదే క్రమము. మనలో చాలామంది బండి ఆగగానే చేతికందిన స్క్రూ నల్లా తిప్పుతారు. అప్పుడు ఒక లోపము కాస్తా మూడు లోపములౌతుంది. ముందు చూడాలి, వినాలి, వాసన పట్టాలి. ఒకసారి ఒక్కదానినే ముట్టాలి.

మరి కొందరు విశ్వాసులు బండి ఆగితే దుష్టుడే అడ్డుపడ్డాడంటారు. బానెట్ మీద చేయి వేసి ప్రార్థన చేస్తారు. ప్రార్థన చేయండి, నేను వద్దనను. అయితే ట్యాంకులో పెట్రోలు ఉన్నదో లేదో కూడా చూడండి. ముల్లు ఇరుక్కుపోయిన మీటరు సగము ట్యాంకు చూపిస్తూనే ఉంటుంది. దేవుడిచ్చిన కళ్ళను, బుద్ధిని వాడుకోవడము అవిశ్వాసము కాదు.

చేయి పెట్టకముందు

కొన్ని జాగ్రత్తలు తప్పక పాటించాలి. బండిని సమతలముపై నిలిపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేయాలి. దగ్గరలో బీడీ, అగ్గిపుల్ల, దీపము ఉండరాదు. వెలుతురుకు టార్చిలైటు వాడాలి. కండువా, చీర కొంగు, వదులు చొక్కా చేతులు ఫ్యానులో పడకుండా బిగించుకోవాలి. ఉంగరము, గడియారము తీసివేయాలి.

మూసిన షెడ్డులో ఇంజినును నడపరాదు. సైలెన్సరు గుండా వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అది మనిషిని నిద్రలోనే చంపగలదు. వేడిగా ఉన్న రేడియేటరు మూతను తెరవరాదు. మరుగుతున్న నీరు ముఖము మీదికి చిమ్ముతుంది. బ్యాటరీ తీయవలసి వస్తే మైనస్ వైరు ముందు విప్పాలి, బిగించేటప్పుడు దానిని చివర బిగించాలి.

తాళము తిప్పితే ఏమి వినబడింది?

ఇదే మొదటి ప్రశ్న. సెల్ఫ్ తిరగడము లేదా, లేక సెల్ఫ్ తిరుగుతున్నా ఇంజిను అందుకోవడము లేదా? ఈ రెండు వేరు వేరు జబ్బులు.

సెల్ఫ్ తిరగక టిక్కు టిక్కుమంటుంటే హెడ్‌లైట్లు వేసి, ఒకరిని ముందు నిలబెట్టి, తాళము తిప్పండి. లైట్లు పూర్తిగా మందగిస్తే బ్యాటరీ బలహీనమైనా అయ్యుండాలి, టర్మినళ్ళు వదులైనా అయ్యుండాలి. లైట్లు బాగా వెలుగుతూ ఒక్క 'టక్' శబ్దము మాత్రమే వస్తే లోపము సెల్ఫ్ మోటారులోనో దాని స్విచ్చిలోనో ఉన్నట్టు. అది మెకానిక్కు పని.

బ్యాటరీ కొనవలసినదేనని అనుకునే ముందు టర్మినళ్ళు చూడండి. తెల్లగా, పచ్చగా పొడి పేరుకొని ఉంటే కరెంటు దాటదు. వైర్లు విప్పి, గోరువెచ్చని నీళ్ళలో వంటసోడా కలిపి కడిగి, ఆరబెట్టి, గరుకు కాగితముతో రుద్ది, బిగించి, పైన కొంచెము వాసలిన్ పూయండి. సోడా నీళ్ళు బ్యాటరీ లోపలికి పోకుండా మూతలు బిగించి ఉంచాలి. లోపల నీరు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్ళు పోస్తే బ్యాటరీ పాడౌతుంది.

ఒక చిన్న మీటరు ఇంట్లో ఉంటే మేలు. ఇంజిను ఆగి కొన్ని గంటలైన తరువాత మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపుతుంది. 12 కన్నా తగ్గితే దాదాపు ఖాళీయే. ఇంజిను నడుస్తుండగా 13.8 నుండి 14.5 మధ్య ఉండాలి. ఆగినప్పుడున్న 12 దగ్గరే నిలిచిపోతే డైనమో, అనగా ఆల్టర్నేటరు, ఛార్జి చేయడము లేదని అర్థము. ఫ్యాను బెల్టు వదులైనా ఇలాగే జరుగుతుంది. కొందరు ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ వైరు ఊడదీసి ఛార్జింగ్ పరీక్షిస్తారు. పూర్వపు డైనమోలకు అది చెల్లింది. ఆల్టర్నేటరు ఉన్న బండిలో అలా చేస్తే లోపలి డయోడ్లు కాలిపోతాయి.

అత్యవసరమైతే ఈ బండ్లను తోసి స్టార్టు చేయవచ్చును. తాళము ఆన్‌లో ఉంచి, రెండవ గేరు వేసి, క్లచ్చి తొక్కి ఉంచి, బండి వేగము అందుకున్నాక క్లచ్చిని చప్పున వదలాలి. తోసేవారు బండి వెనుకనే ఉండాలి గాని ముందుకు రాకూడదు.

సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిను అందుకోదు

పొయ్యి వెలగాలంటే కట్టె, గాలి, నిప్పు కావాలి. ఇంజినుకును అంతే. పెట్రోలు, గాలి, నిప్పురవ్వ ఈ మూడు సమయానికి కలవాలి. ఏది రావడము లేదో కనుక్కుంటే సగము పని అయినట్టే.

నిప్పురవ్వ చూడడానికి ఒక మంచి ప్లగ్గును అదనముగా దగ్గర పెట్టుకోండి. తాళము తీసివేసి, ఇంజినులోని ఒక ప్లగ్గు వైరును ఊడదీసి, దానిని ఈ అదనపు ప్లగ్గుకు తగిలించండి. ప్లగ్గు ఇనుప భాగము ఇంజిను లోహానికి గట్టిగా తగిలేటట్లు కట్టండి. చేత పట్టుకోవద్దు, షాకు గట్టిగా కొడుతుంది. చుట్టుపక్కల పెట్రోలు కారడము గాని వాసన గాని ఉంటే ఈ పరీక్ష చేయనే వద్దు. గుండెకు పేస్‌మేకరు ఉన్నవారు దీనికి దూరముగా ఉండాలి. ఇప్పుడు ఒకరు సెల్ఫ్ కొడితే ప్లగ్గు కొనలో నీలపు రవ్వ టపటపమని కనబడాలి. ఎర్రగా, నీరసముగా ఉన్నా, అసలే రాకున్నా లోపము కరెంటు వైపున ఉన్నట్టు.

అప్పుడు డిస్ట్రిబ్యూటరు మూత విప్పి చూడండి. వానాకాలములో లోపల చెమ్మ పట్టడము మామూలే. పొడిబట్టతో తుడిస్తే ఎన్నో బండ్లు లేచి నడుస్తాయి. మూతలో సన్నని నల్లని గీత ఉంటే అది పగులు, మూత మార్చాలి. అంబాసిడర్ వంటి బండ్లలో పాయింట్లు ఉంటాయి. అవి కాలి నల్లబడితే సన్నని గరుకు కాగితముతో శుభ్రము చేసి, సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండేటట్లు ఫీలర్ గేజీతో సరిచూడాలి. ప్లగ్గు వైర్లు చీలితే పగలు కనిపించదు. రాత్రి చీకటిలో బానెట్ ఎత్తి ఇంజిను నడిపితే వైర్ల మీద నీలపు మెరుపులు కనబడతాయి.

మారుతి 800లో ఇంకొక సంగతి. సెల్ఫ్ ఎన్నడూ లేనంత తేలికగా, వేగముగా తిరుగుతూ ఇంజిను అందుకోకపోతే డిస్ట్రిబ్యూటరు మూత తీసి సెల్ఫ్ కొట్టించి చూడండి. లోపలి రోటరు తిరగకపోతే టైమింగ్ బెల్టు తెగినట్టే. ఇక సెల్ఫ్ కొట్టవద్దు. తోయవద్దు. మెకానిక్కుకు కబురు చేయండి.

రవ్వ బాగుంటే పెట్రోలు చూడాలి. తాళము తీసివేసి, ఎయిర్ ఫిల్టరు ఎత్తి, టార్చి వేసి కార్బొరేటరు గొంతులోనికి చూస్తూ యాక్సిలరేటరు కడ్డీని చేతితో లాగండి. సన్నని పెట్రోలు ధార చిమ్మితే పెట్రోలు వస్తున్నట్టు. చిమ్మకపోతే ట్యాంకు నుండి వరుసగా రండి: ట్యాంకులో పెట్రోలు, రబ్బరు పైపులు, ఫిల్టరు, పంపు. ఫిల్టరు చవకైన వస్తువు, మురికిపడితే మార్చండి. సీసాతో కార్బొరేటరులో పెట్రోలు పోసి స్టార్టు చేసే అలవాటు మన వైపు ఉంది. మంట ఎదురుతన్ని ముఖము కాలుతుంది, కనుక ఆ పని చేయవద్దు. పైపు నోట పెట్టుకొని పెట్రోలు లాగడమును అంతే ప్రమాదము. ఒక్క గుక్క ఊపిరితిత్తులలోనికి పోయినా ప్రాణము మీదికి వస్తుంది.

పెట్రోలు వాసన ఘాటుగా వస్తుంటే ఎక్కువై ముంచెత్తినదన్నమాట. చోక్ లోపలికి నెట్టి, కొన్ని నిమిషములు ఆగి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టండి. అదనపు పెట్రోలు బయటికి పోయి ఇంజిను అందుకుంటుంది. ఉదయము స్టార్టుకు లాగిన చోక్‌ను తిరిగి నెట్టడము మరచిపోయినా బండి నల్లటి పొగ వదులుతూ ఎక్కువ పెట్రోలు త్రాగుతుంది.

ప్లగ్గు చెప్పే సాక్ష్యము

ఇంజిను చల్లగా ఉన్నప్పుడు ప్లగ్గులు విప్పి చూడండి. మారుతి 800కు మూడు, అంబాసిడర్‌కు నాలుగు. ఏ వైరు ఎక్కడిదో సుద్దతో గుర్తు పెట్టుకొని ఒక్కొక్కటే విప్పాలి. ప్లగ్గు కొన బిస్కెట్టు రంగులో ఉంటే ఆ గది ఆరోగ్యముగా ఉన్నట్టు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో నిండినా ఇలాగే ఉంటుంది. తడిగా, జిడ్డుగా నల్లగా ఉంటే ఇంజిను ఆయిలు పైకి వస్తున్నది. తెల్లగా పొక్కి ఉంటే ఇంజిను మితిమీరి వేడెక్కుతున్నది, లేదా పెట్రోలు తక్కువగా అందుతున్నది.

కొన సందు ఈ పాత బండ్లకు సాధారణముగా 0.6 నుండి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మీ బండి పుస్తకములో ఉన్న అంకెనే పాటించండి. తిరిగి బిగించేటప్పుడు ముందు వేళ్ళతో మర త్రిప్పి, తరువాతనే స్పానరు వాడాలి. మారుతి హెడ్డు అల్యూమినియముది, అడ్డముగా బిగిస్తే మర చెడిపోతుంది.

ఇంజిను మిస్సింగ్ కొడుతూ వణుకుతుంటే ఏ గది పనిచేయడము లేదో కనుక్కోవచ్చును. ఇంజిను ఆపి, ఒక ప్లగ్గు వైరు తీసి, అదనపు ప్లగ్గుకు తగిలించి లోహానికి కట్టి, కొద్దిసేపు ఇంజిను నడిపి వినండి. శబ్దము ఇంకా పాడైతే ఆ గది మంచిదే. ఏ వైరు తీసినా మార్పు రాలేదో ఆ గదిలోనే జబ్బు ఉంది. ప్రతిసారి ఇంజిను ఆపిన తరువాతనే వైరును ముట్టండి.

వేడి, పొగ

మన ఎండలకు మధ్యాహ్నము దారిలో ఆగిపోయి, అరగంట చల్లారాక మామూలుగా లేచే బండ్లు చాలా ఉన్నాయి. దీనికి రెండు కారణములు ముఖ్యము. పైపులో పెట్రోలు ఆవిరియై అడ్డుపడడము ఒకటి, వేడికి కాయిల్ నీరసించడము రెండవది. బండి చల్లారిన తరువాత వెదికితే ఏమీ దొరకదు. ఆగిన ఆ క్షణముననే రవ్వ, పెట్రోలు రెండూ చూడాలి. పెట్రోలు రాకపోతే పంపు మీద తడిబట్ట వేసి చల్లార్చండి. రవ్వ రాకపోతే కాయిల్ మార్చే ఆలోచన చేయండి.

వేడిముల్లు పైకి పోతే వెంటనే ప్రక్కకు తీసి ఆపండి. అంబాసిడర్‌లో ఫ్యాను బెల్టు చూడండి. బొటనవ్రేలితో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు లోనికి పోవాలి. మారుతిలో ఫ్యాను కరెంటుతో తిరుగుతుంది గనుక దాని ఫ్యూజు, వైరు చూడండి. నీళ్ళు పోయడానికి కనీసము అరగంట ఆగండి. వేడి ఇంజినులో చన్నీళ్ళు గుమ్మరిస్తే హెడ్డు పగిలే ప్రమాదముంది. థర్మోస్టాటును పీకి పారేయడము వైద్యము కాదు. దానివలన ఇంజిను తగిన వేడికి రాక పెట్రోలు ఎక్కువ త్రాగుతుంది.

సైలెన్సరు పొగను కూడా చూడండి. చలి ఉదయమున కాసేపు వచ్చే తెల్లని ఆవిరికి భయపడనక్కరలేదు. ఎప్పుడూ తెల్లగా వస్తూ రేడియేటరులో నీళ్ళు తరుగుతుంటే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానము. ఆయిలు మూత క్రింద మీగడవంటిది కనబడితే ఆయిలులో నీరు కలిసిందేమో అనుకోవాలి. ఆయిలు పుల్ల మీద కూడా పాలరంగు ఉంటే బండి నడపవద్దు. నీలిపొగ ఆయిలు కాలుతున్నదని, నల్లపొగ పెట్రోలు ఎక్కువైనదని చెబుతుంది.

ఇప్పటి పెట్రోలు సంగతి ఒక మాట. 2025 నాటికి మన దేశములో పెట్రోలులో 20 శాతము ఇథనాల్ కలపడము వాడుకలోనికి వచ్చింది. పాత బండ్ల రబ్బరు పైపులు, పంపు పొరలు దానికోసము తయారైనవి కావు. అవి మెత్తబడవచ్చు, పగలవచ్చు. ఇథనాల్ నీటిని కూడా పీల్చుకుంటుంది. కనుక పైపులను నెలకొకసారి వంచి చూడండి, ఫిల్టరు తరచుగా మార్చండి, బండిని నెలల తరబడి కదలకుండా ఉంచకండి.

మన హద్దు తెలుసుకొందము

ఇంతవరకు చెప్పినవి ఇంటి పనులు. బ్రేకు, స్టీరింగు, ఇంజిను లోపలినుండి వచ్చే బరువైన కొట్టుడు శబ్దము, ఇంజిను దగ్గర పెట్రోలు కారడము, ఇవి మన పనులు కావు. నడుస్తుండగా ఆయిలు ఎర్రదీపము వెలిగితే ఇంకొక మైలు పోదామనుకోకండి. ఆపి, ఆయిలు మట్టము చూడండి. మట్టము సరిగా ఉండి కూడా దీపము వెలిగితే బండిని లాగించుకొని పోవలసిందే. పదిమందిని ఎక్కించుకొని ఆరాధనకు పోయే బండికి బ్రేకు సందేహముగా ఉంటే, ఆ ఆదివారము ఆటోలో వెళ్ళడమే దేవునికి మహిమ.

మెకానిక్కు దగ్గరకు వెళ్ళినప్పుడు "కార్బొరేటరు పోయింది" అని తీర్పు చెప్పకండి. "ఉదయము బాగుంటుంది, వేడెక్కితే ఆగుతుంది, అప్పుడు రవ్వ ఉంది గాని పెట్రోలు రావడము లేదు" అని చూచినది చెప్పండి. అతని సమయము, మీ డబ్బు రెండూ మిగులుతాయి. నాలుగు ముక్కలు నేర్చుకున్నామని అతని కూలి తగ్గించవద్దు. పనివాని కూలి బిగబట్టడము దేవుని దృష్టికి చిన్న పాపము కాదు.

బండి అమ్మేటప్పుడు ఈ జ్ఞానమే మనకు పరీక్షగా మారుతుంది. నీలిపొగ కనబడకుండా చిక్కని ఆయిలు పోసి, ఉదయమే ఇంజిను వేడిచేసి ఉంచి, కొనేవాని కళ్ళు కప్పేవారున్నారు. కొనేవాడు తన బిడ్డ పెండ్లికి దాచుకున్న సొమ్ము తెచ్చి ఉంటాడు. మనకు తెలిసిన లోపము నోరు తెరచి చెప్పి, దానికి తగినంత ధర తగ్గించి ఇవ్వడము క్రైస్తవ సాక్ష్యము. తప్పుడు తూనికను అసహ్యించుకొనే దేవుడు తప్పుడు బేరమును కూడా చూస్తాడు.

శనివారము సాయంత్రము పావుగంట

సొలొమోను తన సామెతలలో మంద కలిగినవాడు దాని స్థితిని బాగుగా తెలుసుకోవాలని హితవు చెప్పాడు. పశువుల కొట్టములోనికి రోజూ తొంగిచూచే మనము బండిని మాత్రము ఆగినప్పుడే చూస్తాము. ప్రతి శనివారము సాయంత్రము, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు, పావుగంట కేటాయించండి. ఆయిలు పుల్ల లాగి మట్టము, రేడియేటరు నీళ్ళు, బ్యాటరీ నీళ్ళు, బెల్టు, రబ్బరు పైపులు, టైర్ల గాలి చూడండి. బండి క్రింద నేలమీద చుక్కలున్నాయేమో చూడండి. కనబడినది తేదీతో, కిలోమీటర్లతో ఒక నోటుపుస్తకములో వ్రాయండి.

డిక్కీలో ప్లగ్గు స్పానరు, మామూలు స్పానర్లు, ఫీలర్ గేజీ, టార్చి, గరుకు కాగితము, ఫ్యూజులు, ఒక ప్లగ్గు, ఒక బెల్టు, పొడిబట్ట, ఐదు లీటర్ల నీళ్ళు ఉంచండి. అంబాసిడర్‌కు అంగుళాల స్పానర్లు కావాలి, మారుతికి మిల్లీమీటర్లవి.

ఈ పని ఇంటి పెద్ద ఒక్కడే చేయనక్కరలేదు. కుమారునితో పాటు కుమార్తెను కూడా ప్రక్కన నిలబెట్టుకోండి. భార్యకు టర్మినలు బిగించడము, లైట్ల పరీక్ష, తోపుడు స్టార్టు నేర్పండి. మీరు ఊరిలో లేని రాత్రి ఎవరో తలుపు తట్టవచ్చు. ఆ రాత్రి మీ ఇంట దీపము పట్టుకొని బానెట్ ఎత్తగలిగినవారు ఒకరుంటే, ఒక తల్లి, ఒక బిడ్డ సమయానికి ఆసుపత్రికి చేరతారు.

ప్రభువు మీ ప్రయాణములన్నిటిలో మీకు తోడైయుండును గాక. ఆమేన్.